మిద్దెకు తలంటు

రాజ్యాలన్నిటికీ వాన పంచిపెట్టిన పూట శిలావతీ రాజ్యం కునుకు తీస్తూ ఉండిందట. ఉలిక్కిపడి లేచి చెయ్యి చాపేసరికి ఇంద్రుడి కడవలో అడుగు తడి మాత్రం మిగిలింది. ఆ తడినే వేళ్ళతో విదిలించి, "దీంతోనే బతకండి" అన్నాడట. అక్కడి జనం అట్లాగే బతికారు. తూర్పున రాగిబిందెలు బోర్లించినట్టు ఎర్రని కొండలు, పడమట ఏనుగుల మంద పడుకున్నట్టు నల్లని బండలు, నడుమ ఎండకు నోరు తెరిచిన నేల. ఆ నేల మీద గచ్చు మిద్దెలు. ప్రతి మిద్దే ఒక మూలకు వాలి ఉంటుంది. ఆ మూలన వెదురు దోనె, దోనె కింద నేలలో తవ్విన తొట్టి. పిడికెడు వాన పడినా చాలు, దాన్ని తొట్టిలో దాచుకుని పెరట్లో బీర, కాకర, గోంగూర పండించుకుని మారాజుల్లా ఉండేవాళ్ళు.

ఆ బతుకు మీద భస్మకేతుడి కన్ను పడింది.

ఏడేరులు పారే దేశం నుంచి వచ్చిన మాంత్రికుడు వాడు. రాజును చెరలో పెట్టి కొండ మీద ధూమదుర్గం కట్టుకున్నాడు. నీలాలు తాపిన బురుజులు, పులికోరల తోరణాలు, పగలూ రాత్రీ ఆరని హోమగుండం. దాని నల్లటి పొగ నగరం నెత్తిన గొడుగు పట్టినట్టు నిలిచి, మిద్దెలన్నిటి మీదా మసి రాల్చేది. గద్దెనెక్కగానే వాడు బావుల్లో మంత్రం ఊదాడు. అప్పట్నుంచి బావినీళ్ళు మనిషి తాగితే దాహం తీరుతుంది, మొక్కకు పోస్తే మొక్క మాడుతుంది. గింజ కావాలంటే కోట గుమ్మం ముందు మోకరిల్లాలి. పచ్చగా ఏదైనా మొలవాలంటే ఇక మిగిలింది వాననీళ్ళొక్కటే. వాటి మీదా ఆజ్ఞ వేశాడు. మిద్దె మీద పడిన వాన కోటది. దాచినవాడు రాయైపోతాడు.

ఆ మాట ఉత్త బెదిరింపు కాదని మల్లసాని ఇంట్లోకి తొంగి చూస్తే తెలుస్తుంది. ఆమె కొడుకు బయ్యన్న తొట్లు తవ్వడంలో గట్టివాడు. ఆజ్ఞ వచ్చాక కూడా పదిమంది పెరళ్ళలో చాటుమాటుగా తొట్లు తవ్వి పట్టుబడ్డాడు. మాంత్రికుడు అతని పాదాల మీద చిటికెడు బూడిద చల్లి, ఊరు చూసి బుద్ధి తెచ్చుకోవాలని ఇంటికే పంపాడు. ముందు పాదాలు రాయయ్యాయి, తర్వాత మోకాళ్ళు, తర్వాత నడుము. ఇవాళ పొద్దున మల్లసాని తడిమి చూస్తే రొమ్ము దాకా చల్లగా తగిలింది. రాయి నెత్తికెక్కితే ఇక మనిషి లేడు.

విరుగుడు ఒక్కటే ఉంది. వెన్నెలసొర. మంత్రం సోకని నీళ్ళతో పెరిగి, కాయ తెల్లబడితే, దాని రసం రాతిని మళ్ళీ ఒళ్ళుగా మారుస్తుంది. ఆ విత్తనం తెచ్చింది పద్మకోట రాకుమారి రత్నాంగి. చెరలో ఉన్న శిలావతి రాజు ఆమెకు మేనమామ. ఆయన్ని విడిపించడానికి ఈతచాపలమ్మేదానిలా వేషం వేసుకుని నగరం చేరి, మల్లసాని పంచన తలదాచుకుంది. ఊరివాళ్ళకు ఆమె మల్లసాని ఆడబిడ్డ కూతురు పోలి. మల్లసానికి నోటిదాకా "అమ్మాయిగారూ" వచ్చేది. దాన్ని మింగి "ఏమే" అనేది. రాజుల బిడ్డను ఏమే అన్నందుకు రేపు తన తల పోతుందేమోనని ఆపైన వణికేది.

ఆ మధ్యాహ్నం మల్లసాని పెరట్లో ముళ్ళకంప చాటున ఉన్న పందిరి కింద కూర్చుని ఉంది. పందిరికి ఒకే కాయ, పసిబిడ్డ పిడికిలంత. తీగ మొదట్లో గొంతు దాకా పాతిన మట్టికుండ ఉంది. దాని అడుగున సన్నటి బెజ్జం, బెజ్జంలో గుడ్డపేలిక. అందులో పోసిన నీళ్ళు చెమటలా ఊరి వేరుకే అందుతాయి. ఎండ దొంగిలించకుండా చుట్టూ ఎండుటాకులు మందంగా కప్పింది. తొట్టి అడుగున చిప్పతో గీకి తెచ్చిన ఆఖరి దోసెడు నీళ్ళు ఆ కుండలో పోసి, మూత పెట్టి, మూత మీద రాయి పెట్టింది. కాకి వచ్చి తాగిపోతుందేమోనని ఆ రాయి మీద ఇంకో రాయి పెట్టింది.

"అమ్మా! మబ్బు పట్టింది చూడు" అని పంచలో గోడకు ఆనుకుని ఉన్న బయ్యన్న పిలిచాడు.

మల్లసాని తలెత్తింది. పడమటి బండల మీద నుంచి, కాటుక బరిణె ఒలికినట్టు, మబ్బు పాకి వస్తోంది. ఆమె గుండె ఎగిరింది, ఎగిరిన చోటే బిగుసుకుంది.

"పిడుగు పడుతుందేమోరా! పందిరి మీదే పడితే?"

"పిడుగు మానేసి వాన మాత్రం కురవమని చెప్పుకో. నీ మాటంటే దేవుడికి కూడా విసుగేలే, ఒప్పేసుకుంటాడు."

"నవ్వొద్దు నాయనా. నవ్వితే రొమ్ము అదురుతాది. అదిరితే రాయి పైకి పాకుతాదేమో."

"పాకేదానికి నవ్వెందుకమ్మా, నువ్వు ఏడ్చినా పాకుతాండాది."

ఇంతలో టప్పుమని ఒక చినుకు. దుమ్ములో చిన్న గుంట. ఇంకొకటి. తర్వాత మిద్దె మీద గుర్రాల దండు దిగినట్టు వాన!

రత్నాంగి ఇంట్లోంచి బాణంలా దూసుకొచ్చింది. తొట్టి నోటికి అడ్డంగా రోలు ఉంది. నేలతొట్టి ఉన్నట్టు ఎవరికీ అనుమానం రాకుండా పెట్టిన రోలు అది. రాకుమారి దాన్ని భుజంతో ఒక్క తోపు తోసి, దోనెను తొట్టివైపు తిప్పబోయింది.

"ఓలమ్మో! చంపేస్తివే!" అంటూ మల్లసాని పరుగున వచ్చి దోనె మీద పడి, దాన్ని వీధివైపుకు లాగేసింది. మిద్దె నీళ్ళు దబదబా సందులోకి పారాయి.

రత్నాంగి నిర్ఘాంతపోయింది. "అత్తా, నీకేమైనా పిచ్చా? తొట్టిలో చుక్క లేదు. అక్కడ బయ్యన్నకు గొంతు మీదికి వస్తోంది. దేవుడు పోస్తున్న నీళ్ళను వీధిలో పారబోస్తావా?"

"తొలివాన మనది కాదే తల్లీ. మిద్దెకు తలంటు అది."

"తలంటేమిటి?"

"ఏడాది పొడుగునా ఎండా దుమ్మూ మోసిందే మిద్దె, దానికి ఒక్క స్నానమన్నా వద్దా? తలంటిన నీళ్ళు ఎవరైనా తాగుతారా? దోసిట పట్టి చూడాలి. అడుగున అరచేతి గీతలు తేటగా కనబడినాక, అప్పుడు దోనె తొట్టికి తిప్పాలి. మా అత్త చెప్పింది, ఆమెకు వాళ్ళత్త చెప్పింది."

"మా దేశంలో తొలివానను కళ్ళకద్దుకుంటారు. బంగారు కలశాల్లో పడతారు."

"మీ దేశంలో ఏడాదంతా వానే. మిద్దెకు మురికి ఎప్పుడు పట్టేది?" అని మల్లసాని దోసిలి పట్టింది.

నీళ్ళు నల్లగా, జిడ్డుగా, కాలిన వాసనతో ఉన్నాయి. అరచెయ్యి చురచుర మండింది. సందులో రాతి చాటున ఎట్లాగో మొలిచిన గరికపోచ మీదుగా ఆ నీళ్ళు పారగానే అది వడలి, ముడుచుకుని, మసైపోయింది. హోమగుండం పొగ వేసవంతా మిద్దె మీద పరిచిన మసి అది. క్షణం ఆలస్యమై ఉంటే తొట్టిలో పడేది, తొట్టి నుంచి కుండలోకి, కుండ నుంచి తీగకు.

"చూస్తివా? నేను భయపడతానని నవ్వుతారు మీరంతా" అంది మల్లసాని. కానీ మరో భయం ఆమెను అప్పుడే పట్టుకుంది. పడమటి వైపు మబ్బు పలచబడుతోంది. తేటనీళ్ళు వచ్చేలోగా వాన ఆగిపోతే? ఇదే ఆఖరి వాన అయితే? మురికైతేనేం, సగమన్నా పట్టుకుందామా? చెయ్యి దోనె మీదికి పోయింది. వెనక్కొచ్చింది. మళ్ళీ పోయింది. మళ్ళీ దోసిలి పట్టింది. చెయ్యి నీడలా కనబడింది గాని గీతలు కనబడలేదు.

సరిగ్గా అప్పుడే సందు మొదట్లో డప్పు మోగింది.

"తొలినీళ్ళు కోటకూ! ఒక్క బొట్టు పోనిచ్చినా తలలు పోతాయీ!"

తలారి గుండప్ప! అతని వెనక తోలుతిత్తులు వేసుకున్న దున్నపోతుల బండి. రత్నాంగి రోలును మళ్ళీ తొట్టి నోటి మీదికి దొర్లించింది. మల్లసాని దాని చుట్టూ ఎండుటాకులు చిమ్మింది. ఆకుల కింద తడి కనబడుతుందేమోనని ఇంకో చేటెడు చిమ్మింది.

గుండప్ప సందులోకి వస్తూనే దోనె కింద తిత్తి పట్టించాడు. మీసాల వెంట నీళ్ళు కారుతున్నాయి.

"ఏమమ్మే మల్లసానీ, అంతా వీధిపాలు చేస్తాండావే! ఏలినవారు తొలివాన మహా పవిత్రమంటారు. కోటలో రాతికొలనులో నీలికలువ ఉండాదంట. దానికి ఈ నీళ్ళే పోయాలంట."

"మిద్దె తలంటిన నీళ్ళు గదా గుండప్పా, అవి..."

"నాకు తెలీదా? నేనూ ఈ మట్టిలోనే పుట్టినా. మా ఇంటి దోనె కూడా పొద్దున్నుంచి వీధికే తిప్పి పెట్టినా." అతను గొంతు తగ్గించాడు. "చెప్పేదానికి నేనెవుణ్ణి? వద్దని నోరు తెరవకముందే తల ఊడిపోతాది. తెమ్మన్నాడు, తీసకపోతా. నాకు తల ముఖ్యం, నీళ్ళు కాదు."

తిత్తులు నిండాయి. బండి కదిలి వెళ్ళింది. తిత్తుల్లో పట్టని నల్లనీళ్ళు ఒక కుండెడు మిగిలితే ఆ కుండను గడప లోపల పెట్టించి, "దీన్ని మలి విడత పంపిస్తా, ముట్టొద్దు" అన్నాడు. ఇక పోతాడనుకుని మల్లసాని ఊపిరి తీసుకోబోయింది. గుండప్ప పోలేదు. చూరు కిందికి వచ్చి, తలపాగా పిండుకుని, నేరుగా వెళ్ళి రోలు మీద కూర్చున్నాడు!

"వాన తగ్గినాక పోతాలే. ఏమే పిల్లా, చాపలు బాగా అమ్ముడుపోతాండాయా?"

"తడిసినవి ఎవరూ కొనడం లేదు బాబాయ్" అంది రత్నాంగి. ఆమె చెయ్యి నడుములో దాచిన కత్తి మీదికి పోయింది. మల్లసాని కంటితోనే వద్దంది. తలారి తిరిగి రాకపోతే సందు నిండా భటులు దిగుతారు. పందిరి బయటపడుతుంది.

మల్లసాని మెల్లగా దోసిలి చాపింది. నీళ్ళు తేటగా ఉన్నాయి. ఆయుర్రేఖ, దాని పక్కన చిన్నప్పుడు కొడవలి తెగిన మచ్చ, అన్నీ అద్దంలో లాగా కనబడ్డాయి. ఆ తేటనీళ్ళు, కొడుకు ప్రాణం, సందులోకి జారిపోతున్నాయి. మబ్బు అంచున ఎండ గీత మెరిసింది. గుండప్ప కాలు మీద కాలు వేసుకుని వక్కపలుకు నోట్లో వేసుకున్నాడు.

వాణ్ణి లేపే మాట ఒకటి ఆమెకు తెలుసు. కానీ ఆ మాట కలలో వచ్చినా లేచి నోరు పుక్కిలించుకునే మనిషి ఆమె. అంటే జరుగుతుందేమో. తథాస్తు దేవతలు మిద్దె మీదే ఉంటారేమో. దోనెలో ధార సన్నబడింది. మల్లసాని కళ్ళు గట్టిగా మూసుకుంది.

"గుండప్పా, ఆడ కూసోవద్దు నాయనా. మావానికి... అమ్మవారు పోసింది."

గుండప్ప నోట్లో వక్క ఆగిపోయింది. "రాయికి అమ్మవారేందే?"

"రాయి కాని చోట పోసింది. మొగం నిండా. పొద్దున ఆ రోలు మీదే వేపాకు నూరినా."

తలారి లేచిన వేగానికి రోలు కూడా ఉలిక్కిపడింది. తలపాగా అక్కడే పడిపోయింది. "ముందు చెప్పాల గదమ్మే! ఇంట్లో పిల్లలున్నోణ్ణి!" అన్న కేక సందు మలుపు అవతల నుంచి వినిపించింది.

రత్నాంగి రోలు తోసింది. మల్లసాని దోనె తిప్పింది. గలగలమని తేటధార తొట్టిలో పడిన చప్పుడు, ఆమె చెవులకు కొడుకు పురిటి ఏడుపులా వినిపించింది. పడుతున్నంత సేపూ ఆగిపోతుందేమోనని ధారను చూస్తూనే ఉంది. తొట్టి సగానికి పైగా నిండాక గాని వాన వెలిసిపోలేదు. వెంటనే చెంబుతో తెచ్చి తీగ మొదట్లోని కుండ నింపింది. ఆకులు సర్దేలోపే తీగ ఒళ్ళు విరుచుకుంది. పిడికిలంత కాయ పసిబిడ్డ తలంత అయింది. పచ్చదనం మీద తెలుపు తొలి చార గీసింది.

"తెల్లబడుతోంది అత్తా! సంధ్య వేళకు పండుతుంది!"

"దిష్టి పెట్టొద్దే" అని మల్లసాని కొడుకు వైపు తిరిగింది. "బయ్యా, చూస్తివా నాయనా?"

బయ్యన్న పెదవులు కదిలాయి. మాట రాలేదు. ఆమె పరుగున పోయి గొంతు తడిమింది. చల్లటి రాయి. అతని కళ్ళు మాత్రం తల్లినే చూస్తున్నాయి. అమ్మవారు పోసిందన్నందుకేనా? తన నోటి పాపమేనా? మల్లసాని తన నోటి మీద తానే కొట్టుకుంది.

ఆ దెబ్బ చప్పుడు ఆగకముందే కొండ మీద నుంచి, వెయ్యి గబ్బిలాలు ఒక్కసారి అరిచినట్టు ఒక అరుపు దొర్లుకుంటూ వచ్చింది. ధూమదుర్గం మీది పొగ గాలిలో తెగి, ముక్కలు ముక్కలై చెదిరింది. బురుజుల నీలాలు ఒకటొకటిగా ఆరిపోయాయి.

రత్నాంగి ఎగిరి గంతేసింది. "కలువ! కోటలో చాపలు పరవడానికి పోయినప్పుడు నా కళ్ళతో చూశాను. వాడి ప్రాణమూ మంత్రశక్తీ ఆ నీలికలువలోనే ఉన్నాయి, కలువను మాడ్చేది వాణ్ణీ మాడుస్తుంది. బావినీళ్ళు పోస్తే మాడాలని వాడు పెట్టిన మంత్రం దానికీ తప్పదు. అందుకే రాజ్యంలో వానంతా దోచుకున్నాడు. ఇవాళ మిద్దెలన్నిటి మసినీళ్ళూ తీసుకెళ్ళి దాని మొదట్లోనే పోసుకున్నాడు!"

"వాని పొగే వాని నోట్లోకి పోయిందన్నమాట" అంది మల్లసాని. ఆ వెంటనే ఆమె ముఖం వాడిపోయింది. "చచ్చిందా, వాడిందా?"

"వాడింది. చస్తే కోట కూలేది. ఇప్పుడు కోటంతా గగ్గోలుగా ఉంటుంది, మామయ్యను విడిపించడానికి ఇంతకన్నా మంచి అదను దొరకదు." రాకుమారి చీర బిగించి కత్తి సర్దుకుంది.

"పోవద్దమ్మాయిగారూ! దారిలో వాడు ఎదురైతే? వాడికిప్పుడు కలువ వేరు కడిగేదానికి తేటనీళ్ళు కావాల. యాడున్నాయని వెతుక్కుంటా వస్తాడేమో!"

"అన్నీ చెడ్డవే ఊహిస్తావు అత్తా" అని నవ్వి, రత్నాంగి గోడ దూకి మాయమైంది.

మల్లసాని తలుపు గడియ వేసింది. దానికి అడ్డకర్ర పెట్టింది. వచ్చి కాయ చూసింది, సగం తెల్లబడింది. పోయి కొడుకు గడ్డం తడిమింది, చల్లబడుతోంది. కాయకూ గడ్డానికీ మధ్య ఆమె కాళ్ళు ఒకచోట నిలవలేదు. పడమటి ఎండ గోడలెక్కింది. కాయకు తొడిమ దగ్గర చారెడు పచ్చదనం మాత్రం మిగిలి ఉన్నప్పుడు తలుపు దబదబా మోగింది.

"అత్తా! తలుపు తియ్యి! మామయ్య బయటపడ్డాడు. కానీ ఒళ్ళంతా మంత్రగాయాలు. కడగడానికి తొట్టి నీళ్ళు ఒక బిందె కావాలి. త్వరగా!"

రత్నాంగి గొంతే. ఆ దూకుడే, ఆ ఆయాసమే. మల్లసానికి ప్రాణం లేచొచ్చి, పరుగెత్తి అడ్డకర్ర తీసింది. గడియ మీద చెయ్యి వేసింది. అక్కడ ఆగిపోయింది. గోడ దూకి పోయిన పిల్ల గోడ దూకి రాకుండా వాకిలి కొడుతోందేం? రాజును మోసుకొచ్చిందేమోలే. నిజంగా ఆమే అయితే, గాయపడిన రాజును వాకిట నిలబెట్టిన పాపం ఎవరిది? భయంతో కొంపలు ముంచుతున్నానేమో.

"వస్తాండా తల్లీ, గడియ పట్టేసింది. ఏమే పోలీ, తలుపు లాగుతా ఉన్నట్టే ఒక మాట చెప్పు. మళ్ళా ఏటికి తొలివాన పడితే దోనె ఎటు తిప్పుతావే?"

బయట తేనె పూసిన నవ్వు.

"ఇదేం ప్రశ్న అత్తా! తొట్టిలోకే. తొలివానకన్నా పవిత్రమైన నీళ్ళుంటాయా? ఒక్క బొట్టు పోనిస్తానా!"

మల్లసాని గడియ మీది చెయ్యి వెనక్కి తీసుకుంది. తలుపు కింది సందులోంచి సన్నగా, పాములా, బూడిద పాకి వస్తోంది. వెనక్కి చూసింది. బయ్యన్న కింది పెదవి రాయైపోయింది. కళ్ళు మాత్రం బతికి ఉన్నాయి. అవి ఆమెను చూసి, గడప దగ్గరున్న కుండను చూసి, మళ్ళీ ఆమెను చూశాయి.

తలారి వదిలేసి పోయిన కుండ. మిద్దె తలంటిన నీళ్ళతో, నల్లగా, నిండుగా.

మల్లసాని దాన్ని రెండు చేతులా ఎత్తి నడుముకు ఆనించుకుంది.

"ఎంత దూరం నుంచి వచ్చినావో తల్లీ" అంది. "గడప తొక్కేముందు కాళ్ళు కడుక్కునేదానికి నీళ్ళు తెస్తాండా."

గడియ లాగింది. కుండలో నీళ్ళు తొణకలేదు.